ఒంటికాలి కోడి నీడ

గ్రంథాలయం మూడో అంతస్తులోని చిత్రపటాల గది పదకొండు గంటలకు తెరుచుకునేది, ఒంటిగంటకు మూసుకునేది. అంతకు ముందు తెరవరాదు, ఆ తరువాత తెరిచి ఉంచరాదు. ఈ నియమాన్ని చట్రం కట్టించి గోడకు వేలాడదీశారు గాని దానిని ఆగి చదివినవారు లేరు. చదవవలసిన పనీ లేదు. ఎండలో అచ్చువేసిన పాత ఫోటోలలోని పొద్దు బయటి పొద్దుతోపాటే నడుస్తుందన్నది పసిపిల్లలకు సైతం తెలిసిన సంగతే. ఉదయం పూట చూస్తే పటంలోని స్తంభాల నీడలు పడమటికి చాచుకుని మనుషుల ముఖాలను మింగేస్తాయి. సాయంకాలం చూస్తే తూర్పుకు చాచుకుని మింగేస్తాయి. పొద్దు గూకితే పటాలూ చీకటిపడతాయి. సూర్యుడు నడినెత్తిన నిలిచే ఆ రెండు గంటలే నీడలన్నీ తమతమ యజమానుల పాదాల చెంత ఒదిగి కూర్చుంటాయి గనుక, అప్పుడు ముఖాలు ముఖాలుగా, మేడలు మేడలుగా కనబడతాయి.

చెక్కమీద చెక్కి సిరాతో ఒత్తిన బొమ్మలకు ఈ బెడద లేదు. వాటిలోని సూర్యుడు చెక్కినవాడి ఉలిమొన దగ్గరే నిలిచిపోయినవాడు. రెండు వందల ఏళ్ళైనా రెప్ప వేయడు. అందువల్ల ఆ బీరువాలకు వేళాపాళా లేదు.

ఆ గదిలో పటాలకు వివరాల కార్డులు రాసే ఉద్యోగిని అందరూ కార్డులమ్మ అనేవారు. పన్నెండేళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే. చేతులకు నూలు తొడుగులు వేసుకుని, పెట్టెలోని పటాన్ని పొత్తిళ్ళలోని బిడ్డను ఎత్తినట్లు రెండు అరచేతులతో ఎత్తి, మెత్తని గుడ్డ పరచిన బల్లమీద దించి, భూతద్దంతో మూలమూలా గాలించి, కనబడినదానిని కనబడినట్లు కార్డుమీద పెట్టడం. కొత్తగా చేరినవారికి పర్యవేక్షకుడు చెప్పే మొదటి మాట, చివరి మాట కూడా ఒకటే: “పటంలో ఉన్నది రాయండి. లేనిదాని జోలికి పోకండి.”

తాళాలు చూసే ముసలాయనను బీరువాలాయన అనేవారు. ఒంటిగంట కొట్టగానే ఆయన తాళంచెవుల గుత్తి గలగలలాడిస్తూ వచ్చి నిలబడేవాడు.

“పెళ్ళి ఫోటోలు ముందు సర్దెయ్యమ్మా కార్డులమ్మా. పొద్దు వాలిందంటే పెళ్ళికొడుకు మీద అత్తగారి నీడ పడుతుంది. పాపం, బతికున్నప్పుడు పడింది చాలదూ?”

ఈ హాస్యానికి ఆమె పన్నెండేళ్ళుగా నవ్వుతూనే ఉంది. ఆ సోమవారం మాత్రం నవ్వలేదు.

ఆ సోమవారం పట్టణ నిర్మాణ కార్యాలయంనుంచి ఒక లేఖ వచ్చింది. ఫలానా అంకెగల పటాన్ని లక్కముద్ర వేసి భద్రపరచి, గురువారం జరిగే విచారణకు దాఖలు చేయవలసిందని అందులో ఉంది. దానికి జతపరచిన కాగితం ఆమె రాసిన కార్డుకు నకలు. గుండ్రని అక్షరాలు, సన్నని పెన్సిలు గీత, అడుగున పొడి సంతకం:

“కొత్త బాట ప్రారంభోత్సవము. ఉత్తరాభిముఖముగా తీసినది. బాట నడుమ తెల్లని తెర. తెర ముందు అధికారులు పన్నెండుగురు. ఇరువైపుల జనసమూహము. తూర్పున దుకాణములు మూడు. పడమటి వైపున నిర్మాణము లేవియును లేవు.”

ఆఖరి వాక్యం దగ్గర ఆమె చూపు బురదలో దిగబడిన బండిచక్రంలా ఆగిపోయింది. పటంలో పడమటి వైపు పట్టుమని రెండు బారల నేల కూడా లేదు. అక్కడితో కాగితమే అయిపోతుంది. అంచుకు అవతల ఏముందో చెప్పే అధికారం పటానికే లేనప్పుడు ఆమెకెక్కడిది? అయినా రాసింది. రాసి పన్నెండేళ్ళయింది. ఆ బాటను ఇప్పుడు వెడల్పు చేస్తున్నారు. బాట ప్రారంభమైన నాటికే ఉన్న ఇళ్ళను ముట్టుకోరు; తరువాత లేచినవాటిని ఆక్రమణలుగా ఎంచి కూల్చివేస్తారు. పడమటి వైపున మొట్టమొదటి ఇల్లు ఆమె పిన్నిది.

తల్లి పోయిన ఏడాదినుంచి ఆమెను పెంచింది ఆ పిన్నే. తాత రేకుపని చేసేవాడు. ఆయన తరువాత ఆ సుత్తి పిన్ని చేతికి వచ్చింది. గరాటులు, లాంతర్లు, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాలు ఆ ఇంటి ముందుగదిలో తయారై ఊరంతా తిరిగేవి. ఇంటి కాగితాలను చెదలు పొట్టన పెట్టుకుని పదేళ్ళయింది. ఇక ఆ ఇంటికి మిగిలిన సాక్ష్యం తాత చెప్పిన కథ ఒక్కటే; ఆ కథను నమ్మినవారు ఊళ్ళో ఎవరూ లేరు.

కథ ఇది. బాట ప్రారంభించిన రోజున తాత కొత్తగా కట్టిన ఇంటి కప్పుమీద, గాలి ఎటు వీస్తోందో చూపేందుకు తానే రేకుతో చేసిన గాలికోడిని బిగిస్తున్నాడట. కింద ఫోటోలాయన నల్లగుడ్డలో తల దూర్చి “కదలకండి!” అని కేకవేశాడట. తానూ ఆ పటంలో పడాలన్న ఆత్రంతో తాత లేచి చెయ్యెత్తాడట. ఎత్తిన అదురుకు కోడికాలు ఒకటి తెగి కిందపడిందట. పటం వచ్చాక చూస్తే అందులో తాత లేడు, ఇల్లు లేదు. వీధివారు నవ్వి ఆయనకు ఫోటో తాత అని పేరు పెట్టారు. ఆయన పట్టుదలకు పోయి, తాను ఫోటోలో కనబడినరోజే ఆ కాలు అతుకుతానన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవారు లోకంలో చాలామంది ఉంటారు. తాను చేసిన కోడికి ఒంటికాలే చాలన్నవాడు ఆయన ఒక్కడే. నాటినుంచి అది ఒంటికాలి కోడి ఇల్లయింది.

ఏటా ఆ తేదీన తాత చిత్రపటాల గదికి వచ్చేవాడు. పదకొండింటికి లోపలికి పంపేవారు. భూతద్దం పట్టుకుని జనంలో ఒక్కొక్క ముఖాన్ని పలకరించేవాడు. ఒంటిగంటకు బయటికి పంపేవారు. పోయేముందు కూడా పిన్ని చెయ్యి పట్టుకుని “వెదకండి. నేనున్నాను” అన్నాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కార్డులమ్మ మూడు మధ్యాహ్నాలు వెదికింది. లేడు. బతికినంతకాలం తాతను చూసి నవ్విన వీధిమీద కోపం, నవ్వించుకున్న తాతమీద అంతకు మించిన కోపం, రెండూ ఒక్కటై ఆ వెదుకులాటకు మూత పెట్టాలని, ఆ రోజు ఆఖరి వాక్యం రాసింది. పెట్టిన మూత ఇప్పుడు ఇంటికప్పును తీసుకుపోతోంది.

సోమవారం మధ్యాహ్నమే పర్యవేక్షకుడు ఆ పటాన్ని ఆమె చేతనే చుట్టించి, లక్క కరిగించి ముద్ర వేయించాడు. వేడి లక్క వేలికి తగిలినా ఆమెకు తెలియలేదు.

*

బుధవారం సాయంకాలం ఆమె పిన్ని ఇంటికి వెళ్ళింది. చెప్పేయాలని మూడు రోజులుగా అనుకున్న మాటను దారి పొడుగునా వల్లెవేస్తూనే నడిచింది. గడప దాటాక అది పెదవి దాటలేదు.

పిన్ని గరాటు మూతిని సుత్తితో గుండ్రంగా తట్టుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

“ఏమే, ముఖం అలా మాడిపోయిందేం? రేపు కూలేది నా ఇల్లు, నీ ముఖం కాదు.”

“అలా అనకు పిన్నీ.”

“అనకపోతే ఆగుతుందా? తిన్నావా?”

“ఆకలి లేదు.”

“ఆకలి లేకపోతే ఆ కత్తెర ఇటివ్వు. పనన్నా చెయ్యి.” పిన్ని రేకును వెలుగుకు ఎత్తి చూసుకుంది. “రేపు ఆ ఫోటో తెస్తారట కదా. నాన్న ఉంటే కొత్త చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చునేవాడు.”

“పిన్నీ, ఆ ఫోటోలో తాత లేడు. నేను చూశాను.”

“నువ్వు చూశావులే” అంది పిన్ని. అని, సుత్తిని కావలసినదానికంటే గట్టిగా కొట్టింది.

పనిబల్ల పైన మేకుకు కోడికాలు వేలాడుతోంది. మూడు వేళ్ళు, ఒక మడమ. అంతా కలిపి జానెడు. తలుపు గాలికి అది నెమ్మదిగా తిరుగుతూంటే కార్డులమ్మ చూడలేక వీధిలోకి వచ్చి నిలబడింది.

చలికాలపు పొద్దు వాలింది. ఇంటి నీడ గడప దిగి, కాలిబాట దాటి, బాటలోకి జారింది. నీడ కొసన ఒంటికాలి కోడి ముక్కు ముందుకు చాచి, సైకిళ్ళమీదుగా, బండి చక్రాలమీదుగా, నడిచిపోయేవారి వీపులమీదుగా ఎదుటివైపుకు పాకుతోంది. ఎదురింటి దర్జీ సూది నోట కరచుకుని తల బయటపెట్టి దుకాణం బోర్డు వైపు చూశాడు. ఆ వీధిలో గడియారం చూసేవారు తక్కువ. కోడి దర్జీ బోర్డెక్కితే అయిదు కావస్తున్నట్లు.

“ఇంకా బాట నడుమే ఉందండీ మీ కోడి” అన్నాడు దర్జీ. “నాలుగున్నర. ఇంకో చొక్కాకి బొత్తాలు పెట్టచ్చు.”

ఆ మాట చెవిన పడగానే కార్డులమ్మ మళ్ళీ నీడ వైపు చూసింది. బాట నడుమ. పటంలో బాట నడుమ తెల్లని తెర ఉంది.

తాత ఏటా పదకొండింటికి వెళ్ళాడు. తాను మూడు మధ్యాహ్నాలు చూసింది. ఆ పటాన్ని సాయంకాలం చూసినవారు ఒక్కరూ లేరు. ఇల్లు కాగితం అంచుకు అవతల ఉంటే ఉండుగాక. ఇంటి నీడకు కాగితం అంచుతో పనేముంది?

అయితే పటం ఇప్పుడు లక్కముద్ర లోపల ఉంది. ఉందో లేదో తెలియని నీడకోసం, చూడని పటాన్ని చూపి, రేపు పదిమందిలో నోరు విప్పాలి.

*

గురువారం ఉదయం పటం మూట అందుకుంటూ కార్డులమ్మ పర్యవేక్షకుడితో అంది.

“సార్, దీన్ని ఒక్క సాయంకాలం చూడనిచ్చి ఉంటే బాగుండేది.”

“ముద్ర పడ్డాక మీరూ చూడలేరు, నేనూ చూడలేను.”

“అయితే అక్కడే చెబుతాను. కార్డులో ఆఖరి వాక్యం తప్పని.”

ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. అవి లేకుంటే ఆయన ముఖం ఎవరో తెలియనివారిలా ఉంటుంది.

“చూడమ్మా, ఈ గదిలో నలభైవేల కార్డులున్నాయి. ఒకటి తప్పని మనమే చెప్పి వస్తే, తక్కినవాటిని రేపు ఎవరు నమ్ముతారు? పైగా ఆ ఇల్లు మీ పిన్నిగారిదట. సొంతవాళ్ళ కోసం మాట మార్చిందంటారు. అప్పుడు మీ ఉద్యోగాన్ని నేను నిలబెట్టలేను.”

“బెదిరిస్తున్నారా సార్?”

“లేదమ్మా. భయపడుతున్నాను.”

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మూటను గుండెలకు అదుముకుని ఆమె మెట్లు దిగింది. బీరువాలాయన కింది మెట్టుదాకా వెంట వచ్చి తలుపు తెరిచి పట్టుకున్నాడు. హాస్యమాడని బీరువాలాయనను ఆమె చూడడం అదే మొదటిసారి.

విచారణ గదిలో బల్లలు పొడుగు, కిటికీలు ఎత్తు. గోడ గడియారం పెళుసుగా కొట్టుకుంటోంది. విచారణాధికారిణికి పడిశం పట్టింది. ముక్కు తుడుచుకుంటూ ఒక్కొక్క కట్టా విప్పుతోంది. పక్కన సర్వేయరు, చేతిలో పొడుగాటి కొలబద్ద. పిన్ని ముందు వరసలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, నిలబెట్టిన రేకులా నిటారుగా కూర్చుంది. ఆమె వంతు వచ్చేసరికి పన్నెండూ పది అయింది. ఏ వేళ రాకూడదని కార్డులమ్మ కోరుకుందో సరిగ్గా ఆ వేళే.

ముద్ర పగిలింది. పటం వెలుగులోకి వచ్చింది. తెల్లని తెర మచ్చలేకుండా మెరుస్తోంది. పన్నెండుగురు అధికారులు తమ నీడలమీద తామే నిలబడి ఉన్నారు. పడమట అంచున రెండు బారల నేల, బోసినోరులా ఖాళీ.

సర్వేయరు కార్డు నకలు చదివాడు. ఆఖరి వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

“ఇంక చెప్పేదేముంది మేడమ్? గ్రంథాలయం వాళ్ళే రాసిచ్చారు.”

“మీరేమైనా చెప్పాలా?” అధికారిణి పిన్నిని అడిగింది.

పిన్ని నోరు తెరిచేలోగా వెనుకనుంచి కుర్చీ కదిలిన చప్పుడైంది. కార్డులమ్మ లేచి నిలబడింది.

“మేడమ్, ఆ కార్డు రాసింది నేను. ఆఖరి వాక్యం తప్పు. పడమటి వైపు పటంలోకి రాలేదని రాయాలి. ఏమీ లేదని రాశాను. ఈ ఇల్లు మా పిన్నిది. అది కూడా మీకు తెలియాలి.” ఊపిరి పీల్చుకుని పిన్ని వైపు తిరిగింది. “పిన్నీ, నీకు చెప్పలేకపోయాను. అది రాసింది నేనే.”

“పుట్టింటి సంగతి మేనమామకు చెబుతున్నావా?” అంది పిన్ని, తల కొంచెమే తిప్పి. “రెండు నెలలైంది ఆ నకలు నా దగ్గరికొచ్చి. రేకుమీద సుద్దముక్కతో నీ చేత అక్షరాలు దిద్దించింది ఎవరనుకున్నావు? ఆ గుండ్రాలు నాకు తెలియవూ?”

“మరి... నన్ను అడగలేదేం?”

“నువ్వే చెబుతావని. ముందు ఆవిడకి చెప్పాల్సింది చెప్పు. నాతో గొడవ ఇంటికెళ్ళాక పడదాం.”

సర్వేయరు కొలబద్దతో బల్లను తట్టాడు. “కుటుంబ వ్యవహారం బాగానే ఉంది మేడమ్. సాక్ష్యం మాత్రం ఖాళీ నేలే.”

“మేడమ్, ఇది ఎండలో అచ్చువేసిన పటం” అంది కార్డులమ్మ. “దీన్ని ఇంతవరకూ అందరం మధ్యాహ్నమే చూశాం. సాయంకాలం దాకా బల్లమీద ఉంచండి. ఇల్లు పటంలో లేకపోయినా దాని నీడ పటంలోకి రావాలి.”

“వస్తుందని మీరు చూశారా?”

“లేదు మేడమ్.”

“రాకపోతే?”

“రాకపోతే కార్డే నిజం. నా ఉద్యోగం కూడా మీరు చెప్పినట్టే.”

అధికారిణి తుమ్మింది. ముక్కు తుడుచుకుని గడియారం చూసింది. “నేను అయిదింటికి ఉత్తర్వుల మీద సంతకాలు పెట్టి వెళ్ళిపోతాను. అందాకా అక్కడే ఉండనివ్వండి. కాగితం బల్లమీద ఉంటే నాకేం బరువు?”

*

ఆ మధ్యాహ్నం గడిచినంత నెమ్మదిగా ఆమె జీవితంలో మరే మధ్యాహ్నమూ గడవలేదు. ఇతరుల వ్యాజ్యాలు వచ్చాయి, పోయాయి. ప్రహరీగోడలు, మురుగుకాలువలు, కిటికీ తెరిస్తే ఎదుటివారి వంటగదిలో పడుతున్నదన్న ఫిర్యాదులు. అందరూ ఆ బల్ల చుట్టూ తిరిగి నడిచారు. పటానికి నీడ అడ్డం రాకుండా మర్యాదగా పక్కకు తప్పుకున్నారు.

రెండు. అధికారుల కాళ్ళకింద నీడలు మేలుకున్నాయి. తూర్పుకు వేలెడు జరిగాయి. పడమటి అంచున ఏమీ లేదు.

మూడు. దీపస్తంభం నీడ దుకాణాల మెట్లను తాకింది. పడమటి అంచున ఏమీ లేదు. తాత కట్టుకథ చెప్పాడేమో. ఇల్లు నిజంగానే తరువాత కట్టాడేమో. ఊరివారి నవ్వే నిజమైతే? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కూలిపోయిన గోడను నీడతో నిలబెట్టబోయానేమో అనుకుంది.

మూడున్నరకు కాగితపు అంచున వెంట్రుకంత నలుపు వచ్చింది.

“అదిగో” అంది, తన గొంతు తనకే వినబడనంత మెల్లగా.

సర్వేయరు వంగి చూశాడు. “చెట్టు నీడ కావచ్చు.”

“చెట్లు గీతగీసినట్టు పెరుగుతాయేమిటయ్యా మీ వీధిలో?” అంది పిన్ని.

నలుపు నేలమీదికి పాకింది. చక్కని సరళరేఖ, తరువాత ఒక మూల, తరువాత ఏటవాలు. ఇంటికప్పే. నాలుగయ్యేసరికి ముందువరస జనం మోకాళ్ళదాకా ఆ నీడలో మునిగారు. అధికారిణి తన కట్టలు పక్కకు నెట్టి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“ఇల్లు ఉందని ఒప్పుకుంటాను మేడమ్” అన్నాడు సర్వేయరు. అతని మాటలో మునుపటి పదును లేదు గాని పట్టు ఉంది. “ఏ ఇల్లని? అక్కడ అంతకు ముందు ఏ గిడ్డంగో ఉండి, అది పడిపోయాక వీళ్ళు కట్టుకున్నారేమో. నీడకి ఇంటి నంబరు ఉండదు కదా.”

ఆ మాట న్యాయమైనదే. కార్డులమ్మ పిన్ని వైపు చూసింది. పిన్ని పటం వైపే చూస్తోంది. నాలుగూ పది. నాలుగూ ఇరవై. బయట నౌకరు వచ్చి కిటికీలు మూయబోతే అధికారిణి చేత్తో వారించింది.

నాలుగున్నరకు నీడ కొస తెల్లని తెరను తాకింది.

ముందుగా ముక్కు. తరువాత నెత్తిమీది కుచ్చు. తరువాత వంపు తిరిగిన తోక. తెరమీద ఒక కోడిపుంజు నీటిలోంచి లేచినట్లు నిదానంగా లేచి నిలిచింది. దాని పక్కన ఒక మనిషి లేచాడు. ఒక చేత్తో కోడి మెడ పట్టుకుని, రెండో చెయ్యిని అయిదు వేళ్ళూ విడివిడిగా కనబడేటట్లు ఆకాశంలోకి ఎత్తి, తనవైపు తిరగని ఫోటోపెట్టె తనవైపు తిరిగినదే అన్నంత సంబరంగా. డెబ్భై ఏళ్ళుగా రోజూ సాయంకాలం, మూసిన పెట్టెలో, చూసేవారు లేకుండా ఆయన అలా చెయ్యెత్తుతూనే ఉన్నాడు.

సర్వేయరు తన కట్టలోంచి తానే నిన్న తీసిన ఇంటి ఫోటో తీసి పక్కన పెట్టి చూశాడు. అదే కుచ్చు, అదే తోక, అదే ఒంటికాలు.

“ఈ మచ్చేమిటి?” అధికారిణి భూతద్దం కోసం చెయ్యి చాచింది. కార్డులమ్మ అందించింది. తెరమీద, కోడికి బాగా దిగువగా, ఏదీ పట్టుకోని చిన్న నీడ ఒకటి గాలిలో నిలిచి ఉంది. “పటంలో పడ్డ మరకా?”

పిన్ని ఒళ్ళోని చేతిసంచి తెరిచి, జానెడు రేకుముక్కను తీసి బల్లమీద పటం పక్కన పెట్టింది. మూడు వేళ్ళు, ఒక మడమ.

“పడుతూ ఉంది మేడమ్” అంది. “ఇంకా కింద పడలేదు.”

అధికారిణి భూతద్దంలోంచి ఆ నీడనూ, ఈ రేకునూ మార్చి మార్చి చాలాసేపు చూసింది. తరువాత కలం మూత తీసింది. బాట ప్రారంభమైన నాటికి ఈ ఇల్లు ఉన్నది, కప్పుమీద పని ముగిసే దశలో ఉన్నది అని రాసి, అయిదుకు మూడు నిమిషాలుండగా సంతకం చేసింది. తేదీ వేసేముందు మరొకసారి తుమ్మింది.

*

కార్డులమ్మ ఉద్యోగం పోలేదు. దానికంటే గట్టి శిక్షే పడింది. తన చేతిమీదుగా వచ్చిన కార్డులన్నీ తిరగేసి, ‘లేదు’ అని రాసినచోటల్లా పటాన్ని ఉదయం ఒకసారి, సాయంకాలం ఒకసారి చూసి సరిదిద్దాలని పర్యవేక్షకుడు ఉత్తర్వు ఇచ్చాడు. అటువంటివి పందొమ్మిది తేలాయి. పందొమ్మిదింటిలో ఎవరి గోడలున్నాయో, ఎవరి తాతలు చెయ్యెత్తి నిలుచున్నారో అనుకుంటే ఆమెకు రాత్రులు సరిగా నిద్రపట్టడం లేదు. గది ఇప్పుడు పొద్దు గూకేదాకా తెరిచే ఉంటోంది. పెళ్ళి ఫోటోలలో అత్తగార్లకు మంచిరోజులు వచ్చాయని బీరువాలాయన అందరికీ చెబుతున్నాడు.

బాట పటం కొత్త కార్డులో ఆఖరి వాక్యం ఇలా ఉంది: “సాయంకాలము నాలుగున్నరకు చూడవలెను.”

ఆ ఆదివారం పిన్ని కప్పెక్కింది. కార్డులమ్మ కింద నిచ్చెన పట్టుకుంది.

“పిన్నీ, ఇన్నేళ్ళు ఒంటికాలి మీదే నిలబడింది. ఇప్పుడు రెండోది పెడితే అలవాటు తప్పి పడిపోతుందేమో.”

“నిచ్చెన సరిగ్గా పట్టుకో. పడితే ముందు నేను పడతాను. ఎర్రగా కాలిన ఆ కడ్డీ ఇటు అందించు.”

సీసం కరిగి మెరిసింది. పిన్ని నోటితో ఊది, వేలితో తట్టి, చెవి ఒగ్గి అతుకు చప్పుడు విన్నది. తరువాత ఆమె చాలాసేపు దిగలేదు. పైనుంచి ముక్కు చీదిన చప్పుడొకటి వచ్చింది. అధికారిణి పడిశం అంటుకుందేమో అనుకుంది కార్డులమ్మ, నిచ్చెన పట్టు వదలకుండా.

పొద్దు వాలింది. ఇంటి నీడ గడప దిగి, కాలిబాట దాటి, బాటలోకి జారింది. నీడ కొసన కోడి రెండు కాళ్ళమీద నిలబడి ఎదుటివైపుకు నడిచింది. దర్జీ సూది నోట కరచుకునే కంగారుగా బయటికి వచ్చాడు.

“ఏమండోయ్! మీ కోడి ఇవాళ అప్పుడే బోర్డెక్కేసిందేం? ఇంకా నాలుగు కాజాలు కుట్టాల్సి ఉంది నాకు!”

కప్పుమీదనుంచి పిన్ని చెయ్యెత్తి ఊపింది. ఆ చేతి నీడ బాట దాటి వెళ్ళి ఆయన బోర్డుమీద అయిదు వేళ్ళూ విప్పింది.

“రెండో కాలు వచ్చింది కదయ్యా” అంది. “నడక పెరిగింది!”